పండు ఊట, పిండి గోడ

కిలో పీచ్ పళ్ల గుజ్జు తూకం వేస్తే అందులో 890 గ్రాముల దాకా నీళ్లే. మామిడి గుజ్జు కాస్త నయం: 83 శాతం నీరు, 14 శాతం చక్కెరలు. పండును కోసుకుని తినేటప్పుడు ఈ నీటి లెక్క ఎవరికీ పట్టదు. మోచేతి దాకా రసం కారితేనే పండు తిన్నట్టు. అదే పండును ముక్కలు తరిగి, పళ్లెంలో పరిచిన మైదా పొరలో నింపి, మీద మరో పొర కప్పి కాల్చాలనుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. ‘పై’ అనే ఈ పాశ్చాత్య వంటకంలో లోపలి పూర్ణం తడిగా, నిగనిగలాడుతూ ఉండాలి. దాన్ని పట్టుకున్న పొర మాత్రం పొడిగా, పంటి కింద గుల్లగా విరగాలి. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒకే సెగ మీద ముప్పావుగంట ఉడకాలి. ఆ వేడికి పండు కణాలు పగిలి నీళ్లు వదులుతాయి, ఆ నీళ్లు అడుగు పొరను నానబెడతాయి. కోసి చూస్తే కింద పచ్చి పిండి ముద్ద, పక్కన పలచటి పానకం. పళ్ల ‘పై’ చేసేవాళ్లందరూ ఏదో ఒక రోజు చూసే దృశ్యమే ఇది.

అంటే ఈ వంటలో అసలు పని నీటిని అదుపులో పెట్టడం. ఎంత పోనివ్వాలి, ఎంత ఉంచాలి, ఉంచిన దాన్ని దేనితో కట్టెయ్యాలి అన్నవే ప్రశ్నలు.

నీటిని వెళ్లగొట్టే విద్య శ్రీకాకుళం జిల్లా నౌపడకు కొత్త కాదు. చెన్నై-హౌరా రైలు మార్గం మీద ఉన్న ఈ జంక్షన్ నుంచే పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే లైను చీలుతుంది. 1900లో మొదలైన ఆ చిన్న రైలు కన్నా ఊరికి ఎక్కువ పేరు తెచ్చింది ఉప్పు. సముద్రపు నీటిలో లవణాలు మూడున్నర శాతమే. ఆ నీటిని మళ్లలోకి పెట్టి, ఎండకూ గాలికీ వదిలేసి, ఒక మడిలో కొంత చిక్కబడ్డాక పక్క మడిలోకి మళ్లిస్తారు. ముందుగా సున్నపు లవణాలు అడుక్కి దిగుతాయి. సాంద్రత బామె కొలతలో 25 డిగ్రీలకు చేరాక ఉప్పు పలుకు కడుతుంది. అక్కడితో ఆపకుండా ఇంకా ఎండనిస్తే చేదు మెగ్నీషియం లవణాలు కూడా దిగిపోతాయి కాబట్టి మిగిలిన నీటిని తీసేస్తారు. కిలో ఉప్పు చేతికి రావాలంటే 30 లీటర్లకు పైగా నీరు ఆవిరైపోవాలి. ఇంత పనికీ ఇంధనం ఎండ ఒక్కటే.

పక్క జిల్లాలో ఇదే ఎండ పండు మీద పనిచేస్తుంది. విజయనగరం జిల్లా భీమాలిలో వేసవి వస్తే మామిడి రసాన్ని తీపి కలిపి చాపల మీద పలచగా పూస్తారు. ఆ పూత ఆరాక దాని మీద మరో పూత, అది ఆరాక ఇంకొకటి. రోజుల తరబడి అలా పొర మీద పొర పోస్తే తాండ్ర తయారవుతుంది. ఒకేసారి మందంగా ఎందుకు పోయరు? పోస్తే పైభాగం ముందు ఎండి తోలు కడుతుంది. ఆ తోలు కింద చిక్కుకున్న నీటికి దారి దొరకదు, లోపల పులుస్తుంది. పలచటి పొరలో నీటి అణువు గాలిని చేరడానికి వెళ్లాల్సిన దూరం తక్కువ. భీమాలి వాళ్లకు చేతి అనుభవంతో తెలిసిన ఈ సంగతిని ఆహార ఇంజనీర్లు సమీకరణాల్లో రాసుకుంటారు.

పీచ్ చెట్టు ఈ తీరంలో కాయదు. కానీ పీచ్ ‘పై’ చేసేవాళ్లు తలలు పట్టుకునే ప్రతి చిక్కుకూ జవాబు ఇక్కడి వంటింట్లో ఉంది. మాగాయలో ఒకటి, కజ్జికాయలో ఒకటి, తాండ్రలో ఒకటి, చివరికి దిష్టి తీసే ఉప్పులో ఒకటి.

ముందు పీచ్ ఎందుకు కాయదో చూడాలి. నౌపడలో మట్టి బాగోలేకనో, ఎండ ఎక్కువయ్యో కాదు. ఇక్కడ చలి చాలదు. పీచ్ చెట్టు శీతాకాలం రాగానే ఆకులు రాల్చి మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. ఆ మొగ్గలు మళ్లీ లేవాలంటే 7 డిగ్రీల కన్నా తక్కువ చలిలో ఇన్ని గంటలు గడిపాం అన్న లెక్క పూర్తి కావాలి. చాలా రకాలకు ఆ లెక్క 600 నుంచి 900 గంటలు. జనవరి రాత్రుల్లో కూడా 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉండే కోస్తా గ్రామంలో అది ఎన్నటికీ పూర్తి కాదు. చెట్టు ఏపుగా పెరిగినా పూత సరిగా రాదు. ఈ నిద్ర వెనుక ఉన్న జన్యువుల్ని కనిపెట్టడానికి మెక్సికోలో దొరికిన ఒక వింత పీచ్ చెట్టు ఉపయోగపడింది. చలికాలం వచ్చినా అది పెరగడం ఆపదు. మామూలు పీచ్‌లో ఒకదాని పక్కన ఒకటి బారుగా ఆరు జన్యువులుంటే, ఆ చెట్టులో వాటిలో కొంత భాగం తెగిపోయింది. నిద్రపొమ్మని చెప్పేది ఆ వరుసేనని అలా తేలింది.

చలి తక్కువగా కోరే రకాలూ లేకపోలేదు. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రూపొందించిన ఫ్లోర్డా ప్రిన్స్‌కు 150 గంటలు చాలు. అది పంజాబ్ మైదానాల్లో పండుతోంది. పంజాబ్‌కూ పీచ్‌కూ బంధం పాతదే. 7వ శతాబ్దంలో భారతదేశమంతా తిరిగిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఈ పండు రాక గురించి ఒక ముక్క రాశాడు: కనిష్కుడి కాలంలో బందీలుగా వచ్చి పంజాబ్ ప్రాంతంలో ఉన్న చైనా వాళ్లే పీచ్‌నూ బేరినీ ఈ దేశానికి తెచ్చారని. ఆ యాత్రికుడు దక్షిణానికి వచ్చినప్పుడు కళింగ నేల మీదుగానే ఆంధ్రదేశంలోకి నడిచాడు. ఆయన నడిచి వచ్చాడు గానీ ఆ చెట్టు మాత్రం ఇంత దూరం రాలేకపోయింది.

తెలుగువాళ్లు మాత్రం పీచ్ దగ్గరికి వెళ్లారు. అమెరికాలో పీచ్ రాష్ట్రంగా పేరున్న జార్జియాలో, అట్లాంటా శివార్లలోని ఆల్ఫరెట్టా, కమ్మింగ్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. మామిడికాయ దొరకని రోజున క్రాన్‌బెర్రీతో పప్పు, రూబార్బ్ కాడలతో పచ్చడి చేసుకున్న వంటిళ్లవి. 2023 వేసవిలో వాళ్లకు స్థానిక పీచ్ దొరకడమే గగనమైంది. ఆ శీతాకాలం వెచ్చగా గడిచింది, చలి గంటల లెక్క సరిగా నిండలేదు. పూత వచ్చాక మార్చిలో మంచు పడింది. రాష్ట్రంలో 90 శాతానికి పైగా పంట పోయింది. చలి కోరే పండుకు వేడెక్కే లోకంలో పొంచి ఉన్న ముప్పు ఇది. ఉత్తరాంధ్ర మామిడి రైతు దీన్ని తనకు సంబంధం లేని కబురుగా కొట్టిపారేయకూడదు. మామిడికీ పూత రావాలంటే కొన్ని వారాల పాటు చల్లటి రాత్రులు కావాలి. మోతాదు తక్కువే, అవసరం మాత్రం ఉంది.

నౌపడ వంటింట్లో పీచ్ స్థానం మామిడిదే అవుతుంది. కానీ ఏ మామిడి? ఇక్కడ తొందరపడితే పిండి, నెయ్యి, శ్రమ అన్నీ వృథా. రసాలు పనికిరావు. పేరులోనే ఉంది కదా, అవి పిండుకుని తాగడానికి పుట్టాయి. పీచు లేని, ముక్క గట్టిగా నిలిచే బంగినపల్లి మంచిది. విజయనగరం, విశాఖ తోటల సొంత పంట సువర్ణరేఖ, భుజాల మీద ఎర్రటి ఛాయతో సీజన్ మొదట్లోనే వస్తుంది, అదీ బాగుంటుంది. పులుపు కోసం కలెక్టరు కాయ ఒకటి కలిపితే ఇంకా మేలు. అన్నిటికన్నా ముఖ్యం, పండు దోరగా ఉండాలి.

దోర అన్న దశ ఎందుకంత విలువైనదో రసాయన శాస్త్రం చెబుతుంది. పచ్చి కాయలో మామిడి తన తీపిని పిండిపదార్థంగా దాచుకుంటుంది. కోసి గడ్డిలో మగ్గేస్తే ఇథిలీన్ వాయువు కూడుకుని ఎంజైములు మేల్కొంటాయి. ఒక ఎంజైము పిండిని చక్కెరగా విడగొడుతుంటే, ఇంకొకటి కణాల మధ్య జిగురుగా ఉండే పెక్టిన్‌ను కరిగిస్తుంది. పులుపు తగ్గుతుంది. పూర్తిగా పండితే తీపి ఎక్కువ, జిగురు తక్కువ. అలాంటి ముక్క వేడి తగలగానే గుజ్జయిపోతుంది. దోర ముక్కలో పెక్టిన్ ఇంకా మిగిలి ఉంది, పులుపు ఉంది, కొంత పిండీ ఉంది. ఉడికినా ఆకారం చెడదు. పీచ్‌లో ఈ పిండి నిల్వ దాదాపు ఉండదు. కోశాక పీచ్ మెత్తబడుతుంది, వాసన తేలుతుంది, తీపి మాత్రం పెరగదు. చెట్టు మీద తీపెక్కని పీచ్‌ను బుట్టలో ఎన్నాళ్లు ఉంచినా లాభం లేదు. ఈ విషయంలో మామిడిది పైచెయ్యి. ఆ సహజ గుణాన్ని కార్బైడ్‌తో పాడుచేయడం అన్యాయం. చట్టం కూడా దాన్ని నిషేధించింది. అదుపులో ఉంచిన ఇథిలీన్ వాయువుకే అనుమతి.

ముక్కలు తరిగాక అసలు పని మొదలవుతుంది. అరకిలో ముక్కలకు 60 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి గంటసేపు పక్కన పెట్టాలి. చక్కెర ముక్క బయటి తడిలో కరిగి చిక్కటి ద్రావణం అవుతుంది. కణం లోపల పలచన, బయట చిక్కదనం. పొర దాటి నీరు పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు వస్తుంది. గంట గడిచేసరికి ముక్కలు కాస్త ముడుచుకుని ఊటలో తేలుతుంటాయి.

ఈ మాట చదవగానే ఏ తెలుగు ఇల్లాలికైనా మాగాయ గుర్తుకు రావాలి. మామిడికాయ ముక్కల్లో ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరనిస్తారు. ఆ తర్వాత ముక్కల్ని పిండి డాబా మీద ఎండబెడతారు. ఊటను పారబొయ్యరు, దాన్నీ ఎండలో పెట్టి, చివర్లో ఎండిన ముక్కల్ని అందులోకే చేరుస్తారు. ముక్క పోగొట్టుకున్న రుచి చిక్కబడి తిరిగి ముక్కకే చేరుతుంది. అమెరికన్ వంట రచయిత్రి రోజ్ లెవీ బెరన్‌బామ్ 1998లో వచ్చిన ‘ది పై అండ్ పేస్ట్రీ బైబిల్’లో చెప్పిన ఉపాయం సరిగ్గా ఇదే: పండు ముక్కల్ని చక్కెరలో ఊరబెట్టి, కారిన రసాన్ని వేరు చేసి, మరగబెట్టి సగానికి దించి, మళ్లీ ముక్కల్లో కలపడం. పశ్చిమ దేశాల వంటవాళ్లు దీన్ని గొప్ప మలుపుగా మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. అదే తర్కంతో ఏటా వేసవిలో జాడీలు నింపిన మన ఆడవాళ్ల తెలివికీ అంతే మన్నన దక్కాలి. వాళ్లు ఉప్పు వాడారు, ఈమె చక్కెర వాడింది. నీటికి రెండూ ఒకటే.

ఊటను చిన్న గిన్నెలో మరిగిస్తే నీరు పోయి తీపి, పులుపు, పెక్టిన్ మిగులుతాయి. మామిడి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పీచ్ సువాసనకు మూలం లాక్టోన్లనే పదార్థాలు, ముఖ్యంగా గామా డెకాలాక్టోన్. అవి బరువైనవి, 280 డిగ్రీల దగ్గర గానీ మరగవు. అందుకే ఉడికిన పీచ్ కూడా పీచ్ వాసనే కొడుతుంది. మామిడి గుబాళింపులో పెద్ద భాగం టెర్పీన్లది. అవి తేలికైనవి. కారీన్ వంటివి 170 డిగ్రీలకే మరుగుతాయి, అంతకుముందే ఆవిరితో పాటు ఎగిరిపోతాయి. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ మేరకు గిన్నెలో తగ్గిపోయినట్టే. కాబట్టి ఊటను మరిగించాలి, ముక్కల్ని మరిగించకూడదు. పోయిన వాసనను పూడ్చడానికి ఇక్కడ ఒక మంచి దారి ఉంది: నాలుగు ముక్కలు తాండ్ర సన్నగా చీరి పూర్ణంలో వేయడం. ఎండలో నిదానంగా ఆరిన తాండ్ర ఆ వేడికి కరిగి చిక్కదనాన్నీ ఇస్తుంది, మామిడితనాన్నీ ఇస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి కోరు గుప్పెడు చల్లినా బాగుంటుంది. కొబ్బరి కమ్మదనానికి కారణమైన వాసనలు కూడా లాక్టోన్ల కుటుంబానివే. పీచ్ లేని లోటును అవి కొంత తీరుస్తాయి.

ఇంత చేసినా పూర్ణంలో నీరు మిగిలే ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని కట్టెయ్యడానికి పిండిపదార్థం కావాలి. మొక్కజొన్న పిండి అందరికీ తెలిసిందే. సగ్గుబియ్యం అంతకన్నా మంచి ఎంపిక. తూర్పు గోదావరి మెట్ట ప్రాంతంలో పండే కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండే ఇది. దాన్ని మిక్సీలో పొడి చేసి, అరకిలో ముక్కలకు 20 గ్రాముల చొప్పున కలిపి పావుగంట నాననివ్వాలి. 60 డిగ్రీలు దాటగానే ఈ పిండి రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బడం మొదలుపెడతాయి, ఇంకా వేడెక్కితే పగిలి పొడవాటి అణువుల్ని బయటికి వదులుతాయి. ఆ అణువుల చిక్కుల్లో నీరు ఇరుక్కుపోతుంది. మొక్కజొన్న పిండిలో తిన్నటి గొలుసుల్లాంటి అమైలోజ్ పావు వంతుకు పైగా ఉంటుంది. చల్లారాక ఆ గొలుసులు ఒకదానికొకటి దగ్గరై, పట్టుకున్న నీటిని బయటికి నెట్టేస్తాయి. మర్నాడు ‘పై’ చుట్టూ నీళ్లు చేరడం దానివల్లే. కర్రపెండలంలో అమైలోజ్ తక్కువ, 17 శాతం చుట్టూ. పట్టు ఎక్కువ కాలం నిలుస్తుంది, పైగా అద్దంలా కనిపించి మామిడి రంగును మసకబార్చదు.

ఇక గోడ.

మైదాలోని రెండు ప్రోటీన్లు నీళ్లు తగలగానే కలిసి గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. రొట్టెకు అది ప్రాణం, ‘పై’ పొరకు శత్రువు. నీళ్లు తగిలే లోపే పిండి రేణువు చుట్టూ కొవ్వు పూస్తే వల అల్లుకోదు, పొర గుల్లగా వస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో దీనికి గడ్డకట్టిన వెన్నను చిన్న ముక్కలుగా పిండిలో కలుపుతారు. కాల్చేటప్పుడు ఆ వెన్న కరిగి ఖాళీలు ఏర్పడతాయి, వెన్నలోని 16 శాతం నీరు ఆవిరై ఆ ఖాళీల్ని ఉబ్బిస్తుంది, పొరలు పొరలుగా విడుతుంది. చల్లటి దేశంలో హాయిగా సాగే పని. మే నెలలో నౌపడ వంటింట్లో 35 డిగ్రీల వేడి ఉంటే వెన్న 32 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్‌కూ గట్టుకూ మధ్య పరుగులు తీయకపోతే మిగిలేది జిడ్డు ముద్దే.

దీనికి మందు కజ్జికాయ పిండిలో ఉంది. కజ్జికాయలకు మైదాలో కాగిన నెయ్యి పోస్తారు. గరిటెతో కలిపి, వేడి తగ్గాక రెండు అరచేతుల మధ్య పిండిని రుద్దుతారు, ప్రతి రేణువుకూ నెయ్యి అంటేదాకా. తర్వాత పరీక్ష: పిండిని పిడికిట్లో బిగిస్తే ముద్దలా నిలవాలి, బొటనవేలితో తోస్తే పొడిపొడిగా రాలాలి. నిలవకపోతే నెయ్యి చాలలేదు. రాలకుండా వేలికి అంటుకుంటే ఎక్కువైంది. ఆ దశ వచ్చాకే నీళ్లు, అవీ చిలకరించినట్టు. ‘పై’ కోసం కొలత కాస్త పెంచాలి: 200 గ్రాముల మైదాకు 100 గ్రాముల నెయ్యి, చిటికెడు ఉప్పు, 50 మిల్లీలీటర్ల లోపు నీళ్లు. అరగంట తడిగుడ్డ కప్పి ఉంచితే అల్లుకున్న కొద్దిపాటి గ్లూటెన్ కూడా సడలుతుంది, పొర కాలేటప్పుడు కుంచించుకుపోదు.

వెన్న ముక్కల పద్ధతిలో వచ్చే పొరల విడుపు దీనికి రాదు, నిజమే. కానీ అడుగు పొరకు ఇదే మేలు. నెయ్యి సన్నగా, సమంగా అంటిన పిండిలోకి రసం చొరబడటం కష్టం. రసం ఎక్కువుండే ‘పై’లకు అడుగున ఇలాంటి పొడిపొడి పిండినే వాడమని పాశ్చాత్య బేకరీలవాళ్లూ చెబుతారు. ఇంగ్లండ్‌లో మెల్టన్ మోబ్రే మాంసపు ‘పై’ల గోడలు నిలబడేది కూడా కాచిన కొవ్వు, వేడినీళ్లతో కలిపిన పిండితోనే. కజ్జికాయలో పూర్ణం మాత్రం మామూలుగా పొడిగానే ఉంటుంది: ఎండుకొబ్బరి, పుట్నాల పొడి, చక్కెర. అందులో తడి పండు పెట్టి నూనెలో వేస్తే నీరు ఆవిరై కజ్జికాయ పేలుతుంది. నూనె వదిలి పొడి సెగకు మారితే ఆ ప్రమాదం లేదు.

అడుగు పొరకు ఇంకో రక్షణ పలాస ఇస్తుంది. అక్కడి జీడిపప్పు బద్దల్ని ముతకగా పొడి చేసి, పరిచిన పిండి మీద పలచగా చల్లాలి. యూరప్‌లో ఇదే పనికి బాదం పొడి వాడతారు. బాదంలో పిండిపదార్థం దాదాపు లేదు. జీడిపప్పులో బాగానే ఉంది. కారిన రసాన్ని అది పీల్చి చిక్కబరుస్తుంది, పప్పులోని కొవ్వు కింది పొరను కాపాడుతుంది. ఈ చోటికి పలాస జీడి తగినంతగా ఇంకేదీ తగదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని పెకలించాక రైతులు మళ్లీ నాటి పెంచుకుంటున్న పంట అది. ఒక్కో గింజ వెనుక ఏళ్ల ఓపిక ఉంది.

కాల్చడానికి ఓవెన్ లేదని వెనకాడనక్కర్లేదు. మందపాటి ఇనప మూకుడు, బిగుతైన మూత, అడుగున అంగుళం మందాన రాళ్లుప్పు చాలు. ఉప్పు 801 డిగ్రీల దాకా కరగదు. మంట ఒకచోట తగిలినా వేడిని పరిచి, నిలవబెట్టి, నిదానంగా పైకి ఇస్తుంది. పొయ్యి మీద పెట్టిన కొత్తలో మళ్ల నుంచి వచ్చిన పలుకులు చిటపటలాడతాయి, కొన్ని ఎగిరి మూతకు తగులుతాయి. దిష్టి తీసిన ఉప్పు నిప్పుల్లో పడినప్పుడు వినిపించే చప్పుడే. పలుకు కట్టేటప్పుడు దాని పొరల మధ్య చుక్క సముద్రపు నీరు బందీ అవుతుంది. వేడికి అది ఆవిరై స్ఫటికాన్ని బద్దలు కొడుతుంది. ఆ చప్పుడు ఆగేదాకా, పది పదిహేను నిమిషాలు ఉప్పును మూత పెట్టి వేయించాకే ‘పై’ పళ్లెం లోపల పెట్టాలి. అప్పటికి మూకుడు బాగా కాగి ఉంటుంది కాబట్టి అడుగు పొర నానే లోపే గట్టిపడుతుంది.

పళ్లెం ఎంపిక చిన్న విషయం కాదు. స్టీలు పళ్లెం వేడిని మోయడంలో మందకొడి. అల్యూమినియం దానికి పది రెట్లకు పైగా చురుకు. శ్రీకాకుళం జిల్లాలోనే సారవకోట మండలం బుడితి ఇత్తడికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇత్తడి కూడా వేడిని చక్కగా మోస్తుంది గానీ మామిడి పులుపు తగిలితే రాగి కరిగి చిలుము రుచి వస్తుంది, కళాయి పూసి ఉంటేనే వాడాలి.

మీది పొరను నిండుగా కప్పేయకుండా పట్టీలుగా కోసి అడ్డంగా నిలువుగా అల్లితే సందుల్లోంచి ఆవిరి పోతుంది. తాండ్ర పలచగా పూయడానికి ఏ కారణమో దీనికీ అదే. మూకుడు మూత కూడా సన్నటి సందు వదిలి పెట్టాలి. లోపల ఆవిరి నిండితే పొర మీద తడి ఆరదు. తడి ఉన్నంతసేపూ ఆ పొర 100 డిగ్రీలు దాటదు. గోధుమరంగు, కాలిన కమ్మదనం రావాలంటే 140 దాటాలి. అక్కడే ప్రోటీన్లు, చక్కెరలు కలిసి వందల రకాల కొత్త వాసనల్ని పుట్టిస్తాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే దానికి స్థిరపడింది. మూకుడులో మీద నుంచి సెగ తక్కువ కనుక పట్టీలకు కాసిని పాలు రాస్తే రంగు త్వరగా తిరుగుతుంది: పాలలో ఆ చర్యకు కావాల్సిన ప్రోటీను, చక్కెర రెండూ ఉన్నాయి.

ఎప్పుడు దించాలో గడియారం కన్నా బుడగలు బాగా చెబుతాయి. 40 నిమిషాలు దాటాక మూత తీసి అల్లిక సందుల్లోకి చూడాలి. చిన్న బుడగలు గబగబా లేచి గబగబా పగులుతుంటే రసం ఇంకా పలచన. అవి అంచుల్లోనే ఉండి నడిమధ్య కదలిక లేకపోతే అక్కడి సగ్గుపిండి ఇంకా ఉడకలేదు. నడుమ కూడా పెద్ద బుడగ నెమ్మదిగా ఉబ్బి, కాసేపు నిలిచి, బుడుక్కున పగిలితే పూర్ణం 95 డిగ్రీలు దాటి చిక్కబడినట్టు.

దించగానే కోయకూడదు. ఈ ఒక్క మాట దగ్గర పిల్లలున్న ఇంట్లో పెద్ద పేచీ వస్తుంది, అయినా పట్టు విడవకూడదు. వేడిగా ఉన్నప్పుడు పిండి అణువులు చురుగ్గా కదులుతూ నీటిని వదులుగా పట్టుకుంటాయి. చల్లారేకొద్దీ కదలిక తగ్గి పట్టు బిగుస్తుంది. పెక్టిన్ కూడా చక్కెర, పులుపుల సాయంతో అప్పుడే గట్టిపడుతుంది. చలిదేశాల్లో దీనికి మూడు గంటలు చెబుతారు. గది వేడే 35 ఉన్న చోట ఇంకో గంట కలుపుకోవాలి, పళ్లెం కింద గాలి ఆడేలా చట్రం మీద పెట్టాలి.

తీరం గాలిలో తడి ఎక్కువ. సాయంత్రానికి కరకరలాడే పొర తెల్లవారేసరికి మెత్తబడుతుంది, పైగా మామిడి పూర్ణం ఆ వేడిలో పులుస్తుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. ఫ్రిజ్ చల్లదనంలో మైదాలోని ఉడికిన పిండి అణువులు తిరిగి బారులు తీరి పొర బిరుసెక్కుతుంది. నిన్నటి రొట్టె గట్టిపడేదీ ఇందుకే. 60 డిగ్రీలు దాటేలా మళ్లీ వేడిచేస్తే ఆ బారులు విడిపోతాయి. మైక్రోవేవ్‌లో పెడితే పూర్ణంలోని నీరు ఆవిరై పొరలోకి ఎక్కుతుంది, అంతా తడిసిపోతుంది. మందపాటి పెనం సన్నటి సెగ మీద కాగనిచ్చి, ముక్కను మూత లేకుండా ఐదారు నిమిషాలు ఉంచాలి. అడుగు ఆరి మళ్లీ గుల్లబారుతుంది, పూర్ణం గోరువెచ్చగా అవుతుంది.